బావి బండలో పచ్చటి పలుకులు

నంగునూరు దారిలో ఉన్న మా మెట్ట చెలకలో బావి తవ్వడం మొదలుపెట్టి అది మూడో ఎండాకాలం. నైజాం రోజులు. మా ఆయన లోపల గడ్డపారతో బండ పగలగొట్టేవాడు. నేను ఆ ముక్కలు గంపకెత్తుకుని గట్టున పోసేదాన్ని. ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగిపోయాయి గాని చెమ్మ మాత్రం కనిపించలేదు.

ఒకనాడు ఆయన కిందికి పిలిచాడు. బండ చీలికలో గూడులాంటి ఖాళీ, దాన్నిండా వేలెడంత పచ్చటి రాతి పలుకులు. అప్పటికే ఒక గుత్తి ఊడదీశాడు. తాగే నీళ్లతో కడిగితే గాజులా మెరిసింది.

"పచ్చలేమోనే," అన్నాడు. ఆయన గొంతులో ఆశ వింటే నాకు భయం వేసింది.

మర్నాడు సిద్దిపేటకు నడిచి వెళ్లి కంసాలికి చూపించాం. "పచ్చ గాదు బిడ్డా, ఉంగరంల నిలువది," అన్నాడు. "గిసొంటి రాళ్లు జమచేసెటాయన పట్నం నుంచి వచ్చి ముసాఫిరు బంగ్లాల దిగిండు. ఆయనకు సూపియ్యున్రి."

ఆ పెద్దమనిషి బాగా ముసలాయన. కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "ఇంత మంచిది నేను ఎన్నడు సూడలే," అంటూ విరిగిన మొన మీద వేలు పెట్టాడు. "గడ్డపార తగిలింది. బావిల మిగిలినయి నేనే దిగి తీసుకుంట. నీకేం గావాలె?"

మా ఆయన తడుముకోలేదు. "బండ పేల్చెటోన్ని పంపియ్యున్రి దొరా. వానలొచ్చేలోపు నీళ్లు వడాలె."

"పేలుస్తె ఆ గూడు మిగలది."

"మా చేతులల్ల సత్తువ మిగలలేదు."

ముసలాయన భూతద్దం సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత సరేనన్నాడు.

మరుసటి రోజు ఆ ముసలాయనే బావిలోకి దిగి, పొద్దంతా బోర్లా పడుకుని, చిన్న ఉలితో గూటి అంచులు గీకాడు. మూడేళ్లుగా మేం ఆ బండను బాదడమే గాని ఎవరూ అంత మెల్లగా ముట్టుకోలేదు. సాయంత్రానికి ఒక్క గుత్తి మొన చెదరకుండా వచ్చింది. గడ్డి పరిచి, గుడ్డలో చుట్టి ఇచ్చాను. "పైలం బిడ్డా," అన్నాడు. గూటి లోపలి భాగం ఆయనకు అందనే లేదు.

అన్నమాట ప్రకారం మనిషిని పంపాడు. గూడున్న వైపే మందు దట్టించి పేల్చారు. పొగ తగ్గాక దిగితే అంతా పచ్చటి నలుసులు కలిసిన రాతిపొడి, దాని అడుగున సన్నగా ఊరుతున్న నీళ్లు. మా ఆయన దోసిట పట్టి పైకి చూపించాడు.

సంతోషించాలని నాకూ తెలుసు, కానీ మూడేళ్ల అలసట అందుకు ఓపిక మిగల్చలేదు. గట్టున రాళ్ల కుప్పకు ఆనుకుని కూర్చున్నాను. ఆయన ఇంకా పిలుస్తూనే ఉన్నాడు, నేను అట్లాగే నిద్రపోయాను.