కొలవని నాలుగు రోజులు

మా సైన్సు టీచర్ పోయారు. పోయిన మంగళవారం సాయంత్రం ఆమె చెల్లెలు బోధన్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. "మధ్యాన్నం ఇంత జావ తాగింది. జెరసేపు పండుకుంట అన్నది. చాయ్ ఇద్దామని లేపితే లేవలే బిడ్డా."

ఫోన్ పెట్టేశాక ముందు వచ్చింది ఏడుపు కాదు, పెద్ద నిట్టూర్పు. ఏడు నెలలుగా ఆమె నొప్పితో మెలికలు తిరగడం చూసినదాన్ని. సొంత మంచం మీద, నిద్రలో, హాయిగా వెళ్లిపోయారు. మనసు తేలికైనందుకు సిగ్గుపడి, మర్నాడు సమాధుల దగ్గర ఆ చెల్లెలికే చెప్పుకున్నాను. "నాగ్గూడ గట్లనే అయింది. నువ్వొక్కదానివే గాదు," అని ఆమె నా చెయ్యి పట్టుకుంది.

ఎనభైల చివర్లో మా ఆడపిల్లల హైస్కూల్లో ల్యాబ్ అంటే ఒక ఇనుప బీరువా. ఒక భూతద్దం, రెండు అయస్కాంతాలు, అంచు పగిలిన గాజు గ్లాసులు. అద్దాన్ని యాభైమందిమీ తలా ఒకసారి పట్టుకుని చూసేదాకా టీచర్ పాఠం ముందుకు జరిపేవారు కాదు. అరిగిపోయిన చాక్‌పీసు ముక్కల్ని పౌడర్ డబ్బాలో దాచేవారు. 'తప్పు' అనే మాట ఆమె నోట నేను వినలేదు. "మళ్ల చూడు బిడ్డా," అనేవారు. పుస్తకంలోది అప్పజెప్తే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "పుస్తకం చెప్పింది సరే, నీ కన్నేం చెప్పింది?"

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నిజామాబాద్‌లో జిల్లా సైన్సు ఎగ్జిబిషన్ వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న మా బోధన్‌లో దేనికి కొదవున్నా చెరుకు పిప్పికి లేదు. రెండు డాల్డా డబ్బాల్లో మొక్కజొన్న గింజలు పెట్టమన్నారు టీచర్. ఒకదాంట్లో ఉత్త మట్టి, ఇంకోదాంట్లో బాగా మురిగిన పిప్పి కలిపిన మట్టి. మొక్క ఎంత పెరిగిందో మూడు వారాలు రోజూ స్కేలుతో కొలిచి రాయాలి. దసరా సెలవులు కాబట్టి డబ్బాలు మా ఇంటికొచ్చాయి.

సెలవుల మధ్యలో మా అమ్మకు జ్వరం తగిలింది. అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. బీడీలు చుట్టి మమ్మల్ని సాకేది. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పకపోతే మళ్లీ ఆకు ఇవ్వరు. అందుకని నాలుగు రోజులు పొద్దున్నుంచి చీకటి పడేదాకా చాట ఒళ్లో పెట్టుకుని నేనే చుట్టాను. ఐదోరోజు చూస్తే కాగితంలో నాలుగు గళ్లు ఖాళీ. మెట్లు కట్టినట్టు నాలుగు అంకెలు నేనే వేసేశాను.

బడి తెరిచాక టీచర్ ఆ కాగితం చూసి మురిసిపోయారు. "ఒక్కరోజు గూడ తప్పలేదు, చూడుండ్రి," అని క్లాసంతా నాకు చప్పట్లు కొట్టించారు. ఆ రోజు నుంచి నాకు సరిగా నిద్ర పట్టలేదు. డ్రాయింగు షీటు మీద స్కెచ్ పెన్నుతో పెద్ద చార్టు రాస్తున్నప్పుడు ఆ నాలుగు గళ్లనూ ఆఖరికి మిగిల్చాను. అయినా రాశాను.

ఎగ్జిబిషన్ రోజు నిజామాబాద్ బస్సెక్కాం. డబ్బాలు రెండూ టీచర్ ఒళ్లో ఉన్నాయి. ఆకులకు గాలి కొట్టకుండా కొంగు అడ్డం పట్టుకున్నారు. అది చూసి ఇక నావల్ల కాలేదు.

"టీచర్, నాలుగు రోజులు నేను కొల్వలేదు. అందాదగ రాసిన."

"ఏ నాలుగు రోజులు?"

అంతా చెప్పాను. ఆమె నా చేతిలోని చార్టు విప్పించి ఆ నాలుగు గళ్లూ చూశారు. వచ్చే ఊళ్లో దించి వెనక్కి తీసుకుపోతారనే అనుకున్నాను.

"అవ్వకు ఇప్పుడెట్లుంది?" అన్నారు.

నాకు ఏడుపాగలేదు. "మంచిగుంది టీచర్."

"మరి ఏడుస్తవెందుకు? దిగినంక చూద్దాం."

హాల్లో గమ్ము దొరకలేదు. టీచర్ టిఫిన్ డబ్బా తెరిచి నాలుగు మెతుకులు నలిపారు. ఆ నాలుగు గళ్ల మీద తెల్లకాగితం ముక్కలు అంటించి పెన్ను నా చేతికిచ్చారు. "నువ్వే రాయి." నాలుగుసార్లు 'కొలవలేదు' అని రాశాను. "తెల్వంది తెల్వదని రాస్తెనే, తెలిసింది నమ్ముతరు బిడ్డా," అన్నారు.

బహుమతులు తేల్చడానికి వచ్చిన పెద్దాయన ఆ గళ్ల దగ్గరే ఆగాడు. "ఈ నాలుగు రోజులు ఏమైందమ్మా?"

"అవ్వకు జ్వరమొచ్చింది సార్. బీడీలు చుట్టిన."

పక్క బల్ల దగ్గరి పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. "మిగతావన్ని నువ్వే కొలిచినవా?" అని అడిగి, నా స్కేలు తీసుకుని రెండు మొక్కల్నీ స్వయంగా కొలిచాడు. ఆ పొద్దుటి నా లెక్కతో సరిపోయింది. "కరెక్టుంది," అని తలూపి పోయాడు. మాకు మూడో బహుమతి వచ్చింది. కానీ నాకు బాగా గుర్తున్నది తిరుగు బస్సు. ఎన్నో రోజుల తర్వాత ఒళ్లు తెలియకుండా టీచర్ భుజం మీద నిద్రపోయాను.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చారు. అవ్వ భయపడిపోయింది. "ఏం తప్పు జేసింది టీచరమ్మా?"

"చేసింది తనంతట తనే చెప్పింది. నీకు గా మాట చెప్పిపోదామని వచ్చిన."

కూర్చుని ఒక ఆకు తీసుకుని తనూ చుట్టబోయారు. తంబాకంతా ఒళ్లో పడింది. అవ్వ పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే టీచర్ అసలు మాట అడిగారు. "తొమ్మిదితోని చదువు బంద్ చేపిస్తవంట గద?"

అవ్వ రెండు బీడీలు చుట్టింది. దారం తెంపి అప్పుడంది. "పదిదాంక సదవనీ. అటెన్క ఏం జెయ్యాల్నో మీరే జెప్పుండ్రి."

ఆమె చెప్తూనే వచ్చారు. పది అయ్యాక ఇంటర్, ఇంటర్ తర్వాత ల్యాబ్ కోర్సు. ఇవాళ నిజామాబాద్‌లో రక్తపరీక్షలు చేసి నలుగురికి చేతనైన సాయం చేస్తున్నాను. అవ్వ వేళ్లకిప్పుడు తంబాకు మరక లేదు.

నేను టీచర్‌ని ఆఖరిసారి చూసింది పోవడానికి పది రోజుల ముందు. అప్పటినుంచీ ఉంటున్న, బడి గోడకు ఆనుకున్న అద్దె ఇంట్లోనే. మంచం కిటికీ పక్కకు జరిపించుకున్నారు. పక్కన కూర్చుని ఏదో చెప్పబోతుంటే వేలు పెదాల మీద పెట్టి ఆగమన్నారు. గోడవతల గంట మోగింది. మరుక్షణం వందలమంది పిల్లలు ఒక్కసారి బయటపడ్డ చప్పుడు. పరుగులు, పిలుపులు, కుళాయి దగ్గర కొట్లాట. టీచర్ కళ్లు మూసుకున్నారు. నొప్పితో ముడుచుకున్న కాళ్లు మెల్లగా చాపుకున్నారు.

"ఇంటర్వెల్," అన్నారు నవ్వుతూ.