బావ కాళ్ళకు నీళ్ళు

ఎస్తేరు మస్కట్ నుంచి వచ్చింది మొగుడి కోసం కిడ్నీ అడగడానికి. ఆ మాట నోటితో అనడానికి ఎంత సిగ్గో ఆమెకే తెలుసు. బంగారం అడగొచ్చు, పొలం అడగొచ్చు, ఒక మనిషి ఒంట్లోది తీసిమ్మని ఎట్లా అడగడం? కానీ దానియేలు అక్కడ రోజు విడిచి రోజు రక్తం కడిగే మెషిన్ పక్కన పడుకుంటున్నాడు. ఆమె కిడ్నీ అతనికి కలవలేదు. అత్తామామలు ఎప్పుడో పోయారు. మిగిలింది ఒక్కడే, ఎడపల్లిలో ఉన్న దానియేలు అన్న పాల్ రాజ్.

నిజామాబాదులో బస్సు మారి, ఖర్జూరాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా అడగాల్సిన మాటను కూడబలుక్కుంది. ఒక్కటీ కుదరలేదు.

పైగా నేరుగా బావను అడగడానికి లేదు. ఎస్తేరు పుట్టిన మోర్తాడ్‌లోనూ ఇదే పద్ధతి. తమ్ముడి భార్య బావ ఎదుట నిలబడి మాట్లాడదు. ఏం కావాలన్నా ఆయన భార్య, అంటే ఏరాలి చెవిన వేయాల్సిందే. మస్కట్ ఆస్పత్రి వార్డులో పరాయి మగవాళ్ళ పుళ్ళు కడిగే మనిషి, ఈ గడప తొక్కగానే కొంగు తల మీదికి లాక్కుంది.

ఏరాలు శారమ్మ పొయ్యి ముందు కూర్చుని అంతా విన్నది. మండుతున్న కట్టెను వెనక్కి లాగింది.

"నా పెనిమిటిని కోసియ్యమంటున్నవా?" అన్నది.

"అక్కా, నాకింకెవరున్నరు చెప్పు," అని ఎస్తేరు ఆమె కాళ్ళు పట్టుకుంది.

"లే. ఆయనకు చెప్త. వద్దంటడనుకోకు. తమ్మునికంటే ప్రాణమన్నా ఇస్తడు. గందుకే నాకు భయం."

శారమ్మ ఉన్నమాటే అన్నది. తల్లి పోయేనాటికి దానియేలుకు మాటలు రాలేదు, పాల్ రాజ్‌కు మీసాలు రాలేదు. తమ్ముణ్ణి చెరుకు బండి మీద గడల మధ్య కూర్చోబెట్టుకుని బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దాకా తోలేవాడు. గేటు ముందు బండ్ల వరుస కదలకపోతే గడ చీరి ముక్కలు చేసి పెట్టేవాడు. తాను బడి మాని తమ్ముణ్ణి చదివించాడు, చర్చిలో పెళ్ళి చేశాడు, మస్కట్ విమానం ఎక్కించాడు. ఫ్యాక్టరీ మూతబడి చుట్టూ పొలాలు వరికి మారినా ఆయన కత్తి వదల్లేదు. ఎక్కడ చెరుకు మిగిలితే అక్కడికి నరకడానికి పోతాడు. ఒట్టి మొండిఘటం. జ్వరమొచ్చినా దవాఖాన మెట్లెక్కడు, ప్రార్థన చేసుకుని పనికి పోతాడు.

పొద్దు గూకక ముందే ఆయన ఇంటికొచ్చాడు. శారమ్మ వాకిట్లోనే విషయం చెప్పింది. తలుపు చాటున ఎస్తేరు చెవి ఒగ్గి నిలబడింది.

"గింత దానికి గంత దూరం నుంచి ఏడ్సుకుంట వచ్చిందా?" అన్నాడు పాల్ రాజ్. "ఫోన్ చేస్తే నేనే పోకపోదునా? ఇస్తనని చెప్పు. రెండూ కావాలన్నా ఇస్తనని చెప్పు."

ఎస్తేరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దేవుడున్నాడనుకుంది. అక్కడికక్కడే ఫోన్ తీసి దానియేలుకు చెప్పేసింది, బావ ఒప్పుకున్నాడని. అవతల అతనూ ఏడ్చాడు. కాస్త ఆగి ఉంటే ఎంత బాగుండేది.

ఆ సంతోషంలోనే బావ కాళ్ళకు నీళ్ళు తానే ఇస్తానని చెంబు అందుకుంది. పని నుంచి వచ్చిన పెద్దకు కోడలు నీళ్ళిచ్చి, కడుక్కునేదాకా తల దించుకుని నిలబడడం ఆ ఇంటి రివాజు. తల దించింది గనుకనే కాలు కనబడింది.

కుడికాలి బొటనవేలికి పసుపూ సున్నమూ మెత్తిన గుడ్డ. నీళ్ళు పడగానే జారింది. వేలు నల్లబడిపోయి ఉంది. ఆ వాసన ఆమె వార్డులో రోజూ పీల్చే వాసనే.

"బావా, గిదేంది?" పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనతో ఆమె నేరుగా అన్న మొదటి మాట అదే.

"చెరుకు మోడు గుచ్చుకున్నది బిడ్డా. పసుపు పెడుతున్న. నొప్పే లేదు."

ఎస్తేరు చెంబు కింద పెట్టేసింది. నొప్పి ఉన్నా బాగుండేది.

"దూప ఎక్కువై నీళ్ళు తాగుతనే ఉన్నరా? రాత్రిళ్ళు ఒంటేలుకు ఊకూకె లేస్తున్నరా?"

"లేస్త. అయితేంది?"

తెల్లవారి బోధన్‌లో డాక్టరు రక్తం చూశాడు. షుగరు ఎప్పటి నుంచో ఉందన్నాడు, వేలు వెంటనే తీసేయాలన్నాడు. కిడ్నీ మాట ఎస్తేరు అడగలేక అడగలేక అడిగింది. ఈయన కిడ్నీలు ఈయనకే చాలేట్టు లేవమ్మా అన్నాడు డాక్టరు.

బయట బెంచీ మీద పాల్ రాజ్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏ బావా తమ్ముడి భార్య చేతులు పట్టుకోడు.

"వానికి చెప్పకు బిడ్డా. డాక్టర్లు గట్లనే అంటరు. నాది తీస్కపో. ఇస్తనన్న గదా, నేను ఇస్తనన్న గదా."

"పనికిరాదు బావా," అన్నది ఎస్తేరు.

ఫోన్ మోగింది. దానియేలే. ఎస్తేరు దానివంక చూస్తూ ఉండిపోయింది. పాల్ రాజ్ లాక్కుని చెవికి పెట్టుకున్నాడు.

"ఆఁ తమ్మీ. వస్తున్న రా. కాలికి జర మోడు గుచ్చుకున్నది, మానంగనే వస్త. నువ్వు ధైర్యంగ ఉండు."

అది అబద్ధమని ఎస్తేరుకు తెలుసు. ఫోన్ తీసుకుని నిజం చెప్పాలనీ తెలుసు. చెయ్యి లేవలేదు. ఆయన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఊడిపోతున్న కట్టు మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది.