పిన్ని గుమ్మం

కొల్లేరు దగ్గర చేపల చెరువు గట్టు మీద మా పిన్నీ బాబాయీ ఒంటిగది ఇల్లు సొంతంగా కట్టుకున్నారు. సెలవులకి తాడేపల్లిగూడెం నుంచి వెళ్లిన నాచేత కూడా గోడలకి మట్టి తొక్కించారు.

పిన్ని బాగా పొట్టి. ద్వారబంధం కోయడానికి బాబాయి టేపు వెతుకుతుంటే, ఆవిడ గోడకి ఆనుకుని నిటారుగా నిలబడింది.

"నా నెత్తి మీద నాలుగు వేళ్లు ఎక్కువ వేసి కోసేయండి, చాలు."

ఆ గుమ్మం వచ్చినవాళ్లందరి నుదుళ్లూ వాయగొట్టింది. ఎవరేమన్నా పిన్నిది ఒకటే మాట: "ఏవోనండీ, నాకు తగలట్లేదు మరి!"

వేరుకాపురం పెట్టారన్న కోపంతో బాబాయి అన్నగారు పిన్ని ఎదురుపడితే తల తిప్పుకునేవారు. "మేస్త్రీ లేకుండా కట్టిన కొంపలో అడుగు పెట్టను" అని భీష్మించుకు కూర్చున్నారు కూడా.

ఒకరోజు గట్టు మీద ఆయన్ని వాన పట్టుకుంది. పరుగున వచ్చేసరికి గుమ్మం నుదుటికి ఠపీమని తగిలింది. దాంతో ఆ ఆరడుగుల మనిషి, కొత్త సెల్‌ఫోను తడవకుండా రెండు అరచేతుల మధ్యా దాచుకుని, నడుం దాకా వంగి లోపలికి వచ్చారు.

పొయ్యి దగ్గర్నుంచి పిన్ని గబుక్కున లేచింది.

"అయ్యయ్యో, నాకు దండాలెందుకండీ బావగారూ! పెద్దవారు మీరు. కూర్చోండి, టీ పెడతాను."