రెజ్యూమేలో రాయని మంచినీళ్ళు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేకపోయినా వినయం మాత్రం పుష్కలంగా ఉండేది. ఆ సంగతి నలుగురికీ తెలియాలన్న కోరిక ఇంకా పుష్కలంగా ఉండేది. డిగ్రీ అయి మూడేళ్ళు దాటింది. ఖరగ్‌పూర్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘం యువకులం వేసవిలో రోజూ స్టేషన్‌కు వెళ్ళి, జనరల్ బోగీల కిటికీల దగ్గర నిలబడి ప్రయాణికుల సీసాల్లో మంచినీళ్ళు నింపేవాళ్ళం. రెజ్యూమే రాయడానికి కూర్చుంటే నాకు రాసుకోవడానికి ఇది తప్ప ఏమీ దొరకలేదు. కానీ మంచి పని చేసి బూర ఊదుకోకూడదని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పిందీ నేనే. రాస్తే దేవుని దగ్గర ఫలం పోతుంది, రాయకపోతే ఊళ్ళోనే ఇందా పేటలో చూసుకున్న గోడౌన్ ఉద్యోగం పోతుంది. ఆ ఏడాది చివర నాన్న రైల్వేలో రిటైరైతే మేముండే నిమ్‌పురా క్వార్టరు కూడా పోతుంది. "రాసీరా. రాయకపోతే ఆలకేటి తెలుస్తాది?" అంది అమ్మ. అమ్మకు వాక్యం లోతు తెలియదని జాలిపడ్డాను.

మా సంఘంలో ఇలాంటి చిక్కులకు ఒక దారి ఉంది. విన్నపాన్ని చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే, పాస్టరు గారు తనలో తాను చదువుకుని ప్రార్థిస్తారు. నేను పేరు లేకుండా, "నా సేవను రెజ్యూమేలో చూపవచ్చునా, ప్రభువా" అని రాసి, కింద ఆ సేవ వివరాలు కూడా రాశాను: మూడు వేసవులు, ఒక్క రోజూ మానకుండా. (ప్రభువుకు తెలియదని కాదు, గుర్తు చేద్దామని.) తీరా ఆ ఆదివారం పాస్టరు గారు ఊళ్ళో లేరు. ఆయన బదులు సైరన్ మావయ్య లేచాడు. రైల్వే వర్క్‌షాపు సైరన్‌తో పోటీపడే గొంతు కాబట్టి ఆయనకు ఆ పేరు. చీటీ మొత్తం పైకి చదివేశాడు. పేరు లేకపోయినా అందరి తలలూ నా వైపే తిరిగాయి. వెనక వరసలోంచి మా పిన్ని నిదానంగా అంది: "మూడు వేసంగులేటిరా? మద్దె ఏడు జొరమని మంచమెక్కేసినావు కదా. నీ బదులు మీ అమ్మ కదేటి బిందె మోసింది?"

ఆ దెబ్బకు రెజ్యూమేలో సేవ ఊసే ఎత్తలేదు. ఇంటర్వ్యూలో గోడౌన్ మేనేజర్ (బెంగాలీ ఆయన, అందరికీ దాదా) కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ మూడేళ్ళూ ఏం చేశావు?" అని హిందీలో అడిగాడు. నేను తల వంచి, "అది చెప్పుకోకూడదు, దాదా" అన్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ జైలు?"

సాలువా పోలీసు క్యాంపు ఉన్న రోడ్డులో కూడా ఎప్పుడూ నడవలేదని మొదలుపెట్టి, బిందెలు, బోగీలు, జ్వరం అన్నీ ఒక్క గుక్కలో కక్కేశాను.

"జ్వరమప్పుడు నీళ్ళెవరు పోశారు?"

"మా అమ్మ."

"ఆవిడకు ఉద్యోగం కావాలేమో అడుగు," అని ఆయన పడీపడీ నవ్వాడు. తర్వాత, "ఠీక్ హై, సోమవారం నువ్వే రా" అన్నాడు.

మరుసటి ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచాను. రెజ్యూమేలో ఒక్క ముక్క రాసుకోకుండా నేను చూపిన వినయాన్ని ప్రభువు ఎలా ఘనపరిచాడో ఇరవై నిమిషాలు వివరించాను. చివరికి అమ్మ నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. "కూకో నాయినా, ఇంక సాలు."

ఇప్పుడు అదే గోడౌన్‌లో రెజ్యూమేలు నేనే చూస్తున్నాను. సేవ గురించి పేజీ నిండా రాసుకొచ్చిన కుర్రాళ్ళను చూస్తే నవ్వొస్తుంది, కానీ పక్కన పెట్టబుద్ధి కాదు. నా ఇరవై నిమిషాలు గుర్తొస్తాయి. అన్ని మాటల్లో అమ్మ బిందె సంగతి ఒక్కసారి కూడా రాలేదు. అమ్మ కూడా దాన్ని ఏ చీటీలోనూ రాయలేదు.