తర్జుమా మాస్టారు

నల్లపాడు చుట్టుపక్కల చర్చిల్లో ఎవరైనా ఇంగ్లీషులో ప్రసంగిస్తే, పక్కన నిలబడి తెలుగు చెప్పడానికి ముప్పై అయిదేళ్ళుగా ఎలీషా మాస్టారే ఉండేవారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. వచ్చినాయన ఒక వాక్యం అంటే ఈయన మూడు అనేవారు. అందులో రెండు సొంతం. జనానికి ఆ రెండే గుర్తుంటాయని ఆయన నమ్మకం. నిజం చెప్పాలంటే ఆ నమ్మకంలో తప్పేమీ లేదు.

అలాంటి మాస్టారికి ఈ మార్చిలో స్త్రీల సమాజం కూటానికి పిలుపు రాలేదు. కేరళ నుంచి ఒక డాక్టరమ్మ వస్తోంది, 'అబ్యూజ్' గురించి మాట్లాడుతుంది, తర్జుమా స్తుతి చేస్తుంది. స్తుతి అంటే ఎవరో కాదు, మాస్టారి దగ్గరే పదో తరగతి చదివిన పిల్ల. ఇప్పుడు గుంటూరులో కాలేజీ లెక్చరరు.

"ఆడవాళ్ళ సంగతులు కదండీ, ఆడపిల్లయితే బాగుంటుందనీ..." అని పాస్టరు నసిగాడు.

"బాగుంటుంది, బాగుంటుంది," అన్నారు మాస్టారు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. కుళ్ళుకున్నారు. దానికి వేరే పేరు పెట్టడం దేనికి?

కూటం రోజు భార్య రెబ్కాని దింపే వంకతో తనూ వెళ్ళారు. వెనక బల్ల మీద కూర్చుని చిన్న నోటు పుస్తకం తీశారు, స్తుతి తప్పులు రాసుకోవడానికి. గంట కొట్టే ఏసోబు పక్కన చేరాడు.

"ఏంటి మాస్టారూ, ఇవాళ కింద కూర్చున్నారే?"

"మోకాళ్ళ నొప్పిరా."

"పైన నిలబడేటప్పుడు ఎప్పుడూ లేదే," అన్నాడు ఏసోబు. వాడికి నోరు ఊరుకోదు.

మిరపకాయల తొడిమలు తీసే పని నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్ళతో చర్చి నిండిపోయింది. ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. డాక్టరమ్మ ఒక వాక్యం అంటే స్తుతి ఒక వాక్యం అంటోంది, ఎక్కువా లేదు, తక్కువా లేదు. తర్జుమాకి ఒక పద్ధతుంది: "ఆవిడ ఇలా అంటున్నారు" అనకూడదు, ఆ మనిషే అయిపోయి 'నేను' అని చెప్పాలి. స్తుతి అదీ తప్పలేదు. అరగంటైనా నోటు పుస్తకం ఖాళీగానే ఉంది.

అప్పుడు డాక్టరమ్మ నోట అసలు మాట వచ్చింది, అబ్యూజ్. మాస్టారు పెన్ను మూత తీశారు. ఇక్కడ పడుతుంది చూడు అనుకున్నారు. పదేళ్ళ కిందట ఇంకో అతిథి ఇదే మాట అన్నప్పుడు తను "ఇంట్లో తిట్టుకోకండమ్మా" అని తేల్చేశారు. అందరూ నవ్వుకుని ఇళ్ళకు పోయారు.

స్తుతి ఆగింది. డాక్టరమ్మ అనుమతి అడిగి జనం వైపు తిరిగింది.

"దీనికి తెలుగులో ఒక్క మాట చాలదమ్మా. తిడితే అబ్యూజే, కొడితే అబ్యూజే. పసిపిల్లల్ని పాడుచేసినా, మత్తుమందుకి మరిగినా, పదవి అడ్డం పెట్టుకుని సొంత పని చేసుకున్నా అదే మాట వాడతారు. ఇది లాటిన్ భాష నుంచి వచ్చింది. 'అబ్' అంటే పక్కకి, దూరంగా. 'ఊటీ' అంటే వాడుకోవడం. దేనికోసం ఉన్నదాన్ని దానికి కాకుండా పక్కదారిన వాడటం. పూర్తిగా వాడేసి అరగదీయడం అని కూడా ఆ భాషలో అర్థముంది."

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. అది తన పాఠం. ఊటీ అనగానే క్లాసంతా నవ్వితే, "ఊటీకి టికెట్లు తర్వాత కొందాం, ముందు రాసుకోండి" అని తనే అనేవారు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే కదా.

"ఇది మా ఎలీషా మాస్టారు నేర్పిందే. అదిగో, వెనక కూర్చున్నారు," అంది స్తుతి.

తలలన్నీ తిరిగాయి. మాస్టారు చొక్కా సర్దుకున్నారు. పిల్ల మంచిదే అనుకున్నారు. పెన్ను జేబులోకి వెళ్ళింది.

ప్రసంగమయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. చెప్పదలచినవాళ్ళు లేచి చెప్తారు, స్తుతి డాక్టరమ్మకి ఇంగ్లీషులో అందిస్తుంది. ఒకామె తాగొచ్చి కొట్టే భర్త గురించి చెప్పింది. ఒకామె ఏడ్చి కూర్చుంది. మూడో మనిషిగా లేచింది రెబ్కా. తన గురించి నాలుగు మంచి మాటలు చెప్పబోతోందనుకుని మాస్టారు నిటారుగా కూర్చున్నారు.

"మా ఆయన నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదండి," అంది రెబ్కా. "తిట్టనూ లేదు. నేను బాగా పాడేదాన్ని. పెళ్ళైన ఏడాది క్రిస్మస్‌కి ఇక్కడే పాడాను. జనమంతా నా చుట్టూ చేరారు, ఆయన తర్జుమా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంటికెళ్ళేటప్పుడు, ఇక పాడకు అన్నారు. ముప్పై నాలుగేళ్ళైంది. వంటింట్లో కూడా పాడలేదు. దేవుడిచ్చిన గొంతు సరుకులు చెప్పడానికీ, కోళ్ళని అదిలించడానికీ అరిగిపోయింది. ఇది ఆ మాట కిందకి వస్తుందా అమ్మా?"

డాక్టరమ్మ తర్జుమా కోసం స్తుతి వంక చూసింది. స్తుతి మాస్టారి వంక చూసింది.

మాస్టారికి ఆ క్రిస్మస్ బాగా గుర్తుంది. పాట పేరుతో సహా గుర్తుంది. ఇవాళ స్తుతి మీద పుట్టిన మంటే ఆనాడూ పుట్టింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. బల్ల పట్టుకుని లేచారు. పద్ధతి ప్రకారం 'నేను' అనే మొదలుపెట్టి, నా భర్త నన్ను పాడొద్దన్నాడని ఇంగ్లీషులో చెప్పారు. ఒక వాక్యానికి ఒకే వాక్యం. ముప్పై అయిదేళ్ళలో ఆయన సొంతంగా ఏమీ కలపని తర్జుమా అదొక్కటే. చివర రెబ్కా అడిగిన ప్రశ్న కూడా వదల్లేదు.

డాక్టరమ్మ ఒక్క మాటలో జవాబిచ్చింది. స్తుతి తెలుగులో చెప్పబోతుంటే మాస్టారు చెయ్యెత్తి ఆపారు. భార్య వైపు తిరిగారు.

"వస్తుంది," అన్నారు.