ఎడమచేతి వాడికి కుడిచేతి తుపాకి

తుపాకుల కొట్లో నలభై ఒక్కేళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్న పెద్దాయన చదివింది పల్లెబడిలో ఐదో తరగతి. అయితేనేం, ఆయన రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. ముగ్గురు యజమానులు మారారు, తొమ్మిదిమంది తనిఖీ అధికారులు వచ్చారు, ఒక్కరికీ ఎర్రసిరాతో పని పడలేదు. బిగుసుకుపోయిన తుపాకి బోల్టును చప్పుడు విని బాగుచేసేవారు. ఈ సంగతులు అడిగినవాళ్లకూ చెప్పేవారు, అడగనివాళ్లకూ చెప్పేవారు.

ఆయనకో పద్ధతి ఉంది. తుపాకి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, కొనేవాడి చేతికిచ్చి ఊరుకుంటారు. తనకోసం కొనేవాడు దాన్ని భుజానికి ఆనించి చూసుకోక మానడు.

ఒకరోజు పొద్దున్నే చెల్లెలి కొడుకు కొత్త లైసెన్సు పట్టుకుని వచ్చాడు.

"మావయ్యా, ఒక రైఫిలు ఇవ్వు. చేలో పందులు పడుతున్నాయి."

పెద్దాయన మొహం చాటంతయింది. నిచ్చెనెక్కి పైఅరలోంచి ఎడమచేతివాటం రైఫిలు దించారు. కొట్టు మొత్తానికి అదొక్కటే.

"ఎడమచేత్తో రాస్తున్నావని మీ అమ్మ మొట్టికాయలు వేస్తుంటే అడ్డం పడింది నేనేరా! ఇదిగో, తూటా ఎక్కించే బోల్టు ఎడమవైపే. నీకోసమే పుట్టింది."

"వద్దు మావయ్యా. మామూలుదే ఇవ్వు."

ఇచ్చారు. మేనల్లుడు దాన్ని భుజానికెత్తలేదు. రోడ్డవతల ఆగిన వ్యాన్ వైపు చూశాడు.

"ఎవరి భుజానికిరా ఇది?"

"ఆ వ్యాన్‌లో ఉన్న నా వ్యాపార భాగస్వామికి. వాళ్లన్నని చంపుతానని కేకలేశాడని వాడికి లైసెన్సు ఇవ్వలేదు. కోపంలో అన్నమాటే కదా. కాగితం మీద పేరు నాదైతే ఏం పోయింది?"

"వాళ్లన్న పోతాడు. బేడీలు నీకు పడతాయి."

పెద్దాయన సొరుగులోంచి నల్లట్ట పుస్తకం తీశారు. అమ్మకుండా తిప్పిపంపినవాళ్ల పేర్లు అందులో రాసి ప్రతి శనివారం లైసెన్సు ఆఫీసుకు చూపించాలి.

"మావయ్యా, నీకు దణ్ణం పెడతా, రాయకు! నా లైసెన్సు పోతుంది. అమ్మ జన్మలో నీతో మాట్లాడదు."

కలం ఆగింది. భార్య పోయాక ఆయన ఆదివారాల భోజనం ఆ చెల్లెలి ఇంట్లోనే. అయినా మేనల్లుడి పేరు గుండ్రటి అక్షరాలతో రాసేశారు.

మేనల్లుడి లైసెన్సు పోయింది. చెల్లెలు ఫోనెత్తడం మానేసింది. రెండు ఆదివారాలు ఆయన తన వంట తానే మాడ్చుకుని తిన్నారు. "తిప్పిపంపింది పదకొండుమందిని. పదకొండోవాడు మా మేనల్లుడే," అని కొట్టుకొచ్చినవాళ్లకు చెప్పుకోవడం మాత్రం మానలేదు.

మూడో ఆదివారం మేనల్లుడు వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ఎడమచేత్తో క్యారేజీ అందించాడు.

"అమ్మ నీతో మాట్లాడదట. తిన్నాక గిన్నెలు కడిగి పంపమంది."