పెర్మ మడి

మాది పెర్మ ఇల్లు. పెర్మ అంటే ఊరి నేలకు పూజ చేసేవాడు. విత్తనాల పండుగనాడు పెర్మ చేతి గింజ పడేదాకా మా ఊళ్లో ఎవరూ విత్తరు. ఆ పనికని మా తాతలకు వాగు పక్కన మడి ఇచ్చారు. నేను క్రైస్తవుల ప్రార్థనలో కలిశాక పూజ తమ్ముడు చేస్తున్నాడు. మడి మాత్రం నేనే దున్నుతున్నాను. ఈ ఏడు వానలకు ముందు ఊరు పంచాయితీకి కూర్చుంది.

"పూజ ఇడిసినోడికి పూజారి మడి ఏంది?" అన్నాడు ఊరిపెద్ద పటేల్.

"పెద్దకొడుకును. మడి నాదే," అన్నాను.

"మీ దేవునికి గూడ పూజారోళ్లు ఉన్నరంట గదా. ఆళ్లకు ఎంత మడి ఇచ్చిండో నీ పుస్తకంల సదువు. ఇంటం."

కుర్రాళ్లు కూర్చోలేదు, కర్రలు పట్టుకుని నిలబడే ఉన్నారు. పక్క ఊళ్లో ఇలాంటి తగువుకే ఒకరి ఇల్లు కూల్చారు. తమ్ముడు నా ముఖం చూడలేదు.

గడ్డం నెరిశాక నేర్చిన అక్షరాలు నావి. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. దేవుడు తన సేవకు ఎంచుకున్న లేవీ గోత్రంలో ఒక ఇంటివాళ్లు ఆయన గుడారం పలకలు, స్తంభాలు మోయాలి. ఒక ఇంటివాళ్లు తెరలు మోయాలి. ఇంకో ఇంటివాళ్లు పవిత్రమైన సామాను భుజాల మీద మోయాలి, దాన్ని ముట్టుకుంటే చావే.

"మన లెక్కనే ఉందిరా. మనకూ దేవత కర్ర మోసే ఇల్లు ఏరు, డోలు కొట్టే ఇల్లు ఏరు," అన్నాడొక ముసలాయన.

అక్కడ ఆపేయొచ్చు. సరిహద్దు అవతలి మా ఊళ్లో పిల్లలు బడిలో చదివేది హిందీ, నా తెలుగు పుస్తకంలో ఏముందో పట్టుకునేవాడు లేడు.  అయినా దేవుడి మాట సగం మింగడం నావల్ల కాలేదు. ఆ గోత్రానికి భూమిలో వాటా లేదు, మిగతా గోత్రాలవాళ్లు తమ నేలలో వాళ్లకు ఉండటానికి ఊళ్లు, చుట్టూ పశువులకు మేత బీడు ఇవ్వాలి అని చదివాను.

"ఆళ్ల దేవుడే మడి గుంజుకున్నడ్రో!" అన్నాడొక కుర్రాడు. అందరూ నవ్వారు. పటేల్ నవ్వలేదు.

"మల్ల సదువు."

చదివాను.

"ఉండనీకి ఇల్లు, గొడ్లకు మేత. గంతేనా?"

"గంతే."

అప్పుడు తమ్ముడు నోరు విప్పాడు. "అన్నా, నీ ఇంటి జోలికి ఎవడూ రాడు. ఎనక బీడు గూడ నీకే ఉండనీ. మడి ఇడువు."

పటేల్ తల ఊపాక కర్రలు కిందికి దిగాయి.

మర్నాడు మడిలోంచి ఎద్దులను తోలుకొచ్చి ఇంటి వెనక బీట్లో కట్టేశాను. నాగలి గట్టు మీదే వదిలేశాను. దున్నేది తమ్ముడే కదా.